లాప్స్ అయిన పాలసీలు

తాను ఇరవై రెండేళ్లు చేసిన పని గురించి తనకు సగమే తెలుసని ప్రభుదాస్‌కి అరవై ఒకటో ఏట తెలిసింది. ఇంట్లో ఒంటరిగా కూర్చుని తెలుసుకుని ఉంటే అంత బాధ ఉండేది కాదు. రాలీలో ఒక లాయరు ఆఫీసులో, వీడియో కెమెరా ముందు, చెయ్యెత్తి ప్రమాణం చేసి మరీ ఒప్పుకోవలసి వచ్చింది.

పాలకొల్లులో ఆయన ఎల్‌ఐసీ ఏజెంటు. చుట్టుపక్కల పద్దెనిమిది ఊళ్లలో ఆయన రాయించిన పాలసీలు ఉండేవి. వాయిదా తేదీ దగ్గర పడుతుంటే పాలసీదారుడి కంటే ముందు ఆయనకే కంగారు పుట్టేది. స్కూటరు వేసుకుని చేపల చెరువు గట్టుకీ, రైసుమిల్లుకీ, పెళ్లిపందిరికీ కూడా వెళ్లి గుర్తు చేసేవాడు. ఎంత చెప్పినా కట్టనివాళ్ల పాలసీ లాప్స్ అయ్యేది. ఆ ఇంగ్లీషు మాట అక్కడ చదువు రానివాళ్లకి కూడా తెలుసు. లాప్సయిందంటే చచ్చిందని అర్థం. ప్రీమియం ఆగినా, గడువు ముగిసినా, మరే కారణంగా పాలసీ చెల్లకుండా పోయినా జనం వాడేది ఆ ఒక్క మాటే. ఏజెంట్లూ అదే మాట వాడేవాళ్లు.

భార్య వసంతకుమారికి అమెరికాలో నర్సు ఉద్యోగం రావడంతో నలభై ఏడో ఏట ఆయన నార్త్ కరోలినాకి వచ్చాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు లైసెన్సు పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పాడు. మూడోసారి రాయలేదు. మోరిస్‌విల్‌లో ఇండియన్ గ్రోసరీ కొట్టులో బిల్లింగ్ కౌంటరు దగ్గర నిలబడ్డాడు. కరివేపాకు కట్టల మీద ధర కొడుతూ పద్నాలుగేళ్లు గడిపాడు. కొట్టుకొచ్చే పిల్లలు ఆయన్ని అంకుల్ అంటారు. వాళ్ల నాన్నలూ అంకుల్ అంటారు. ముప్పై ఐదేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడు అరవై ఏళ్ల మనిషిని అంకుల్ అని పిలిచి, బియ్యం బస్తా కారు దాకా మోయించుకుంటాడు. ఆ పిలుపులో గౌరవం ఎంతుందో ఆయన ఎప్పుడూ తేల్చుకోలేకపోయాడు.

ఆయన్ని దాస్‌గారు అని పిలిచే చోటు ఒక్కటే ఉండేది. క్యారీలో ఒక స్కూలు కెఫెటేరియాని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకి తీసుకుని ఆరాధన చేసుకునే తెలుగు సంఘం అది. తొంభై కుటుంబాలు. ఎక్కువమంది కోస్తా జిల్లాలవాళ్లు. అక్కడ ప్రభుదాస్ సంఘపెద్ద. కాగితాల పనంతా ఆయనదే. అద్దె ఒప్పందాలు, రిజిస్ట్రేషన్ పత్రాలు, ఉత్తరాలకి జవాబులు అన్నీ ఆయన చదివి, ముఖ్యమైన మాటల కింద గీత గీసి, ఫైలులో పెట్టాకే పాస్టరుగారు సంతకం చేసేవారు. ఆ గీతల కోసమే ఆయన వారమంతా కౌంటరు దగ్గర ఓపిక పట్టేవాడని చెప్పినా తప్పు లేదు.

2021లో సంఘం సొంత స్థలం కొంది. మోరిస్‌విల్ పొలిమేరలో, రైలు పట్టాల పక్కన పాత ఇటుకల షెడ్డు ఒకటి. ఒకప్పుడు అక్కడ కుళాయిలకీ తలుపు పిడులకీ నికెల్ పూత వేసేవాళ్లు. తర్వాత కార్పెట్ల గోడౌన్. అందరూ తలా కొంత వేసుకుని, బ్యాంకు జోలికి పోకుండా కొన్నారు. బ్యాంకు ఉంటే మట్టి పరీక్ష చేయించమని పట్టుబట్టేది. బ్యాంకు లేదు, అడిగినవాళ్లూ లేరు. అప్పు లేకుండా కొన్నామని అందరూ దేవుణ్ణి స్తుతించారు.

షెడ్డు వెనక గదిలో తుప్పు పట్టిన ఫైలు క్యాబినెట్ దొరికింది. నాలుగు సొరుగుల నిండా పూత వర్క్‌షాపు కాగితాలు. సంఘం సెక్రటరీ కాలేబ్, కాకినాడ కుర్రాడు, హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తున్నవాడు, అదంతా చెత్త డబ్బాలో పడేద్దామన్నాడు. ప్రభుదాస్ ఒప్పుకోలేదు. ఎవరెవరివో పేర్లు, సంతకాలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు వాటిలో ఉంటాయి, పరాయివాళ్ల చేతిలో పడకూడదు అన్నాడు. రెండు శనివారాలు బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఒక్కో కాగితం చూశాడు. మూడో సొరుగులో రబ్బరు బ్యాండు వేసిన కట్ట కనిపించింది. వర్క్‌షాపు పేరిట తీసుకున్న ఇన్సూరెన్స్ పాలసీలు, 1964 నుంచి 1981 వరకు, మొత్తం పదకొండు. ఇన్నేళ్ల తర్వాత పాలసీ కాగితం చేతిలోకి రావడంతో ఆయన ప్రాణం లేచొచ్చింది. పదకొండూ మొదటి నుంచి చివరి దాకా చదివాడు. అన్నిటికీ గడువు తీరి నలభై ఏళ్లు దాటింది. రాయించుకున్న కంపెనీయే మూతపడింది.

అన్నీ లాప్సే అని కాలేబ్‌తో చెప్పి, మిగతా కాగితాలతో పాటు సంచిలో వేశాడు. ఊళ్లో ఏడాదికోసారి కాగితాలు ఉచితంగా ముక్కలు చేసే లారీ వస్తుంది. ఆ రోజు కార్ల వరుసలో గంటన్నర నిలబడి, సంచులు లారీ నోట్లోకి పోవడం కళ్లారా చూసి ఇంటికొచ్చాడు. ఒకరి కాగితం ఒకరి చేతిలో పడకుండా చూశానని వసంతకుమారికి చెప్పుకున్నాడు కూడా.

రెండేళ్ల తర్వాత పక్క స్థలంలో టౌన్‌హోమ్స్ కట్టే బిల్డరు బోరు వేయించాడు. నీళ్ల పరీక్షలో, లోహం మీద గ్రీజు వదిలించడానికి వాడే ద్రావకం బయటపడింది. దాని దారి వెతుక్కుంటూ వస్తే సంఘం షెడ్డు కిందికి తేలింది. పూత వర్క్‌షాపువాళ్లు ఏళ్ల తరబడి దాన్ని వెనక గుంటలో పారబోసినట్టున్నారు. పర్యావరణ శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఇప్పుడు స్థలం ఎవరిదో బాధ్యత వాళ్లది. మట్టి తవ్వాలి, నీళ్లు శుభ్రం చేయాలి, అంతవరకూ లోపల ఎవరూ గుమిగూడకూడదు. శుభ్రం చేయడానికయ్యే ఖర్చు స్థలం కొన్న ధరకి మూడింతలు. ప్రభుదాస్ ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాడు. గీత గీయడానికి ఒక్క మాట దొరకలేదు. ప్రతి మాటా ముఖ్యమైనదే.

స్థలం వదిలేద్దామన్నారు కొందరు. వదిలేసినా బాధ్యత వదలదని తెలిశాక సంఘానికి రావడం మానేశారు ఇంకొందరు. దస్తావేజు మీద సెక్రటరీగా కాలేబ్ సంతకం ఉంది. గ్రీన్ కార్డు దారిలో కోర్టు గొడవలేమిటని అతని భార్య ఏడ్చిందట.

అప్పుడు దొరికింది రేణు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, రాలీలో లాయరు. కమిటీని కూర్చోబెట్టి దారి చూపించింది. మూతపడిన ఆ పూత కంపెనీ మీద దావా వేయొచ్చు. దాని దగ్గర డబ్బు లేకపోయినా పాత ఇన్సూరెన్స్ ఉంటే, ఆ ఇన్సూరెన్స్ కంపెనీ వచ్చి జవాబు చెప్పాలి. ఆ కాలపు పాలసీలు ఇప్పటివాటిలాంటివి కావు. 1970లో మట్టి పాడైతే 1970 నాటి పాలసీయే బాధ్యత వహిస్తుంది. ఆ సంగతి యాభై ఏళ్ల తర్వాత బయటపడినా సరే. తర్వాతి కాలంలో కంపెనీలు తెలివి తెచ్చుకుని కాలుష్యానికి వర్తించదని రాసుకున్నాయి. పాతవాటిలో అలా రాసుకోలేదు.

"గడువు అయిపోవడం ప్రాబ్లం కాదు అంకుల్. ఆ పాలసీలు చావవు. షెడ్డులో పాత పేపర్స్ ఏమైనా దొరికాయా?" అని అడిగింది.

కాలేబ్ ప్రభుదాస్ వైపు చూశాడు. ప్రభుదాస్ బల్ల వైపు చూశాడు. చూడాలమ్మా, ఇంట్లో ఎక్కడో ఉండాలి అన్నాడు. జీవితంలో ఏ పాలసీదారుడితోనూ ఆయన అబద్ధం చెప్పలేదు. సంఘానికి చెప్పాడు.

మూడు వారాలు ఎవరికీ తెలియకుండా తన తప్పు తానే దిద్దుకుందామనుకున్నాడు. పాలసీలిచ్చిన కంపెనీ పేరు ఆయనకి గుర్తుంది. ఇప్పుడా పేరుతో కంపెనీ లేదు. ఒకరు కొన్నారు, వాళ్లని ఇంకొకరు కొన్నారు, చివరి పేరు పట్టుకోవడానికే ఐదు రోజులు పట్టింది. కొట్టులో భోజన విరామంలో కారులో కూర్చుని ఫోన్ చేసేవాడు. మరమనిషి గొంతు ఒకటి నొక్కమనేది, నాలుగు నొక్కమనేది, ఇరవై నిమిషాలు పాట వినిపించేది. చివరికి మనిషి దొరికితే పాలసీ నంబరు చెప్పమనేవాడు. నంబరు లేదు, పాలసీ పోయింది, అందుకే మీ దగ్గర కాపీ ఉంటుందని అడుగుతున్నా అనేవాడు ఈయన. నంబరు లేనిదే కంప్యూటరు వెతకదు సార్ అనేవాడు అతను. నంబరు పాలసీ మీద ఉంటుంది, పాలసీ మీ దగ్గర ఉంటుంది, మేం వెతకాలంటే నంబరు కావాలి. ఈ మాట ముగ్గురు వేరువేరు మనుషులు ఆయనకి ఓపికగా వివరించారు. నాలుగో మనిషి లైను కట్ చేశాడు. ప్రభుదాస్ స్టీరింగ్ మీద గట్టిగా కొట్టాడు. హారన్ మోగి, పార్కింగ్‌లో బండి తోసుకుపోతున్న ఒకావిడ ఉలిక్కిపడి తిరిగి చూసింది.

అప్పుడాయన తనకి తెలిసిన పని చేశాడు. పాలకొల్లులో పాలసీ పోగొట్టుకున్నవాళ్లకి డూప్లికేటు తెప్పించడం ఆయనకి నల్లేరు మీద నడక. ఒక దరఖాస్తు, ఎలా పోయిందో నిజాయితీగా ఒక వివరణ, చాలు. అదే పద్ధతిలో ఇంగ్లీషులో పెద్ద ఈమెయిల్ రాశాడు. మీ గౌరవనీయమైన సంస్థ జారీ చేసిన పదకొండు లాప్స్ అయిన పాలసీలు నా చేతుల మీదుగా నాశనమైనవి, దయచేసి డూప్లికేట్లు పంపగలరు అని వేడుకున్నాడు. కింద మాజీ బీమా ఏజెంటు, ఇరవై రెండేళ్ల అనుభవం అని రాసి, పేరు పెట్టి, సంఘం లాయరుగా రేణు పేరు కూడా చేర్చాడు.

డూప్లికేట్లు రాలేదు. కంపెనీ లాయరు నుంచి రేణుకి ఉత్తరం వచ్చింది. దానికి ఆ ఈమెయిల్ జతచేసి ఉంది. ప్రీమియం కట్టనందుకు రద్దయిన పాలసీని లాప్స్ అయినదంటారు, మీ మనిషే, అందులోనూ ఇన్సూరెన్స్ తెలిసిన మనిషే, ఇవి లాప్స్ అయినవని రాసిచ్చాడు, కాబట్టి ఆ ఏళ్లలో పాలసీలు అమలులో లేవు, మేం ఇవ్వవలసింది లేదు అని దాని సారాంశం.

రేణు ఆయన్ని పిలిపించి ఆ కాగితం ముందు పెట్టింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"అంకుల్, వాళ్లు ప్రీమియం కట్టలేదా? మీకు తెలుసా?"

"ఎందుకు కట్టరమ్మా. వరసగా కొత్త పాలసీలు ఇచ్చారంటే కట్టినట్టే కదా."

"మరి లాప్స్ అని ఎందుకు రాశారు?"

"గడువు తీరిపోయాక మేం అలాగే అంటాం."

"మేం అంటే ఎవరు?"

 పాలకొల్లు మొత్తం అలాగే అంటుందని చెప్పాలనిపించింది ఆయనకి. ఆ మాట కంపెనీ లాయరు ముందు ఎందుకు పనికొస్తుంది?

మరుసటి ఆదివారం కెఫెటేరియాలో ఆరాధన అయ్యాక సంఘం ముందు నిలబడి జరిగింది చెప్పాడు. ముక్కలు చేసే లారీ దగ్గర్నుంచి ఈమెయిల్ దాకా ఏదీ దాచలేదు.  కాలేబ్ ఆగలేకపోయాడు.

"కొట్లో పెరుగు డబ్బా ఎక్స్‌పైర్ అయినా మేనేజర్ని అడక్కుండా తీయరు కదా అంకుల్ మీరు. మా ఇళ్లమ్మినా తీరని ఖర్చుకి దారి చూపే కాగితాల్ని ఎవర్నడిగి ముక్కలు చేశారు?"

ఎవరూ అతన్ని వారించలేదు. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు. వసంతకుమారి కళ్లు మూసుకోలేదు, కాలేబ్‌నే చూస్తూ కూర్చుంది. ఆ వారంలోనే ఫైళ్లన్నీ కాలేబ్ ఇంటికి చేరాయి. ఇక పార్కింగ్ చూసుకోమని ప్రభుదాస్‌కి చెప్పారు, పెద్దవారు కదా, కాస్త విశ్రాంతి అని. విశ్రాంతి అంటే ఎండలో ఫ్లోరసెంట్ కోటు వేసుకుని కార్లకి చెయ్యి ఊపడం.

రేణు దావా వేసింది. పోయిన పాలసీలకి సాక్ష్యం మిగిలింది ఆయనొక్కడే. అందుకని కంపెనీ లాయరు ఆయన్ని ప్రమాణం మీద ప్రశ్నించడానికి రోజు పెట్టించాడు. ముందురోజు రేణు ఆ ప్రశ్నల ఉచ్చు ఎలా ఉంటుందో విడమరిచి చెప్పింది. పాలసీలు ఉండేవని ఆయన మాట చెల్లాలంటే, వాటిని చదివానని చెప్పాలి. చదివి అర్థమైందంటే, విలువ తెలిసే చింపినట్టు. అర్థం కాలేదంటే, ఇరవై రెండేళ్ల అనుభవం ఉత్తదే. దుభాషిని పెట్టమంటారా అని అడిగింది. అక్కర్లేదన్నాడు. ఆ మాత్రం ఇంగ్లీషు తనకి వచ్చు.

కంపెనీ లాయరు జుట్టు నెరిసిన మర్యాదస్తుడు. మంచినీళ్లు పోయించాడు. గంటసేపు పాలకొల్లు గురించి, స్కూటరు గురించి, ఎన్ని పాలసీలు రాయించారో, ఏ ఏడాది ఏ బహుమతి వచ్చిందో అడిగాడు. ఈ దేశంలో ఆ సంగతులు అంత శ్రద్ధగా అడిగినవాడు అతనొక్కడే. ప్రభుదాస్ నడుము నిటారుగా పెట్టి జవాబులు చెప్పాడు. అప్పుడు మెల్లగా, మీ వృత్తిలో లాప్స్ అంటే ఏమిటి అని అడిగాడు లాయరు. ప్రీమియం కట్టకపోవడం అన్నాడు ప్రభుదాస్. మరి ఈ ఈమెయిల్‌లో ఆ మాట రాసింది మీరే కదా అన్నాడు లాయరు. రేణు కలం ఆగిపోయింది.

 ఆ మాట తప్పుగా వాడాను అన్నాడు ప్రభుదాస్. మా వైపు చెల్లని ప్రతి పాలసీకీ అదే మాట అంటాం. ఇవి గడువు తీరినవి, ప్రీమియం ఆగినవి కావు. నేను అమ్మింది మనుషుల ప్రాణాలకి ఇచ్చే పాలసీలే. ఇలాంటివి ఎన్నడూ అమ్మలేదు. వాటికీ వీటికీ తేడా ఉంటుందని నాకు తెలియదు.

ఇరవై రెండేళ్లు ఇన్సూరెన్స్ చేసి తెలియదా అని లాయరు మళ్లీ అడిగాడు. రికార్డులోకి స్పష్టంగా వెళ్లాలన్నాడు.

"లేదు సార్. మొత్తం చదివాను. అర్థం కాలేదు. నాకు తెలియదు."

ఇంగ్లీషులో ఆ మూడు ముక్కలు చెప్పడానికి ఆయనకి పరీక్ష తప్పిన రెండుసార్ల కంటే ఎక్కువ కష్టమైంది. లాయరు తృప్తిగా తల ఊపాడు. అర్థం కాని కాగితాలు మా కంపెనీవేనని మాత్రం ఎలా చెప్పగలరు అన్నాడు.

"మొదటి పేజీ కింద మీ కంపెనీ ఏజెంటు ముద్ర ఉంది. ఊదారంగు సిరా. హోవార్డ్ టిల్లెట్, డర్హమ్. చివరి రెండిటి మీద టిల్లెట్ అండ్ సన్."

నలభై ఏళ్ల కిందటి ముద్ర అంత బాగా ఎలా గుర్తుంది అని లాయరు నవ్వాడు.

"ఏజెంటు అన్నవాడు పాలసీ పట్టుకుంటే ముందు చూసేది అదే సార్. ఈ కమీషన్ ఎవడు కొట్టేశాడా అని. కొడుకుని కూడా దించాడే అని కుళ్లుకున్నాను కూడా."

రేణు నవ్వు ఆపుకోలేకపోయింది. లాయరు నవ్వలేదు. ఆ పేరు ఎలా రాస్తారో అడిగి, రాసుకుని, విరామం కావాలన్నాడు.

టిల్లెట్ చనిపోయి చాలాకాలమైంది. కొడుకూ లేడు. మనవరాలు డర్హమ్‌లోనే ఉంది. రేణు మూడు నెలలు ఆమె వెంటపడింది. ఆమె ఇంటి అటక మీద రెండు పాత రిజిస్టర్లు దొరికాయి. వాటిలో పూత వర్క్‌షాపు పేరుతో నాలుగు పాలసీల నంబర్లు ఉన్నాయి. మిగతా ఏడింటి జాడ లేదు. నంబరు చెప్పగానే కంపెనీ కంప్యూటరుకి నోరొచ్చింది.

మే నెలలో ఒక ఆదివారం పాస్టరుగారు కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరం చేత్తో పట్టుకుని, స్థలం దక్కింది, బాధ్యత వాళ్లు ఒప్పుకున్నారు అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. దేవుడికి స్తోత్రం చెప్పారు. రేణుకి శాలువా కప్పారు, కాలేబ్ కష్టాన్ని మెచ్చుకున్నారు. ఇంకే పేరూ రాలేదు. పార్కింగ్ నుంచి అప్పుడే వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డ ప్రభుదాస్, అందరూ భోజనాల బల్లల వైపు కదిలాక, వేదిక మీద వదిలేసిన ఆ ఉత్తరం తీసుకుని కోటు విప్పకుండానే చదివాడు.

ఎనిమిది పేజీలు. ఒప్పుకున్నామన్న మాట మొదటి పేజీలో ఉంది. ఐదో పేజీలో, ప్రస్తుతానికి మట్టి, నీళ్ల పరీక్షల ఖర్చు వరకే అని ఉంది. ఏడో పేజీలో, తమ హక్కులన్నీ అట్టే పెట్టుకుంటున్నామని, తాము అడిగిన వివరాలు ముప్పై రోజుల్లో అందకపోతే ఇదీ చెల్లదని ఉంది. ఉత్తరం మీద తేదీ చూశాడు. పద్దెనిమిది రోజులు అప్పుడే గడిచిపోయాయి. రేణుకి కూడా ఒక ప్రతి పంపినట్టు ఎక్కడా లేదు.

కాలేబ్ పలావు ప్లేటుతో మనుషుల మధ్య నవ్వుతూ ఉన్నాడు. ప్రభుదాస్ వెళ్లి ఉత్తరం చూపించబోతే, తర్వాత చూద్దాం అంకుల్, ఈ రోజైనా ప్రశాంతంగా తిననివ్వండి అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. పోనీలే అని తిరిగి వెళ్లిపోవడానికి ఆయనకి అన్ని కారణాలూ ఉన్నాయి. ఒక మడత కుర్చీ లాగి కాలేబ్ ఎదురుగా వేసి కూర్చున్నాడు.

"తిను బాబూ. నేను చదువుతాను, నువ్వు విను. ఇందులో నాకు అర్థం కాని మాటలు పది ఉన్నాయి. అర్థమైందనుకుని ఊరుకోవడం ఒకసారి చేశాను."

కాలేబ్ చుట్టూ చూశాడు. ఎవరూ అతన్ని ఆదుకోలేదు. ప్లేటు పక్కన పెట్టి, జేబులోంచి పెన్ను తీసి ఆయనకి ఇచ్చాడు. ప్రభుదాస్ ఏడో పేజీ తిప్పి మొదటి గీత గీశాడు.